ఫీజు పీకితే పోతుందా?

పోయిన ఆదివారం పొద్దున్నే మా మేనల్లుడు మోటారు సైకిలేసుకుని వచ్చాడు. కుడి మోచేతికి కట్టు వుంది. వచ్చీ రాగానే, "మావయ్యా, పట్టకారు వుందా?" అన్నాడు. కాఫీ అడగాల్సిన మేనల్లుడు పట్టకారు అడిగాడంటే వ్యవహారం ఏదో ముదిరిందన్న మాటే.

"ఎందుకురా?"

"ఈ బండికి ఏ.బి.ఎస్. అని ఒక శని పట్టుకుంది. దాని ఫీజు పీకేస్తాను."

సంగతేమిటంటే, పిడుగురాళ్ళ అవతల క్వారీ లారీలు తిరిగే చోట ఒక మలుపులో కంకర పరుచుకుని వుందిట. వీడు బ్రేకు వేశాడు. బండి వెంటనే ఆగకుండా ముందుకు పాకి, వెనక చక్రం పక్కకు జారి, వీణ్ణి కింద పడేసింది. "పాత బండయితే ఆగేది. రేసుల్లో మొనగాళ్ళెవరూ దీన్ని వాడరు, తెలుసా?" అన్నాడు.

వాడన్న దాంట్లో సగం నిజం వుంది. సగం నిజంతోనే గదా చిక్కంతా! 1993లో ఫార్ములా వన్ పందాల్లో కొన్ని కార్లకు ఏ.బి.ఎస్. వుండేది. 1994 నుంచి దాన్ని నిషేధించారు. అది పనికిరానిదని కాదు. మరీ బాగా పనికొచ్చిందని. డ్రైవరు చూపించవలసిన నేర్పును యంత్రం చూపిస్తే, బహుమతి ఎవరి మెడలో వెయ్యాలి? మరో పక్క జి.టి.3 తరగతి రేసు కార్లకు ఈనాటికీ అది వుంటుంది. అంచేత రేసువాళ్ళంతా దాన్ని వెలివేశారనడం కుదరదు.

ఇదంతా చెప్పినా వాడి మొహంలో మార్పు లేదు. అప్పుడు మా నాన్నగారి కాలి సంగతి చెప్పవలసి వచ్చింది.

1991 ఆగస్టులో ఆయన్ని అంబాసిడరు కారులో గురజాల నుంచి నరసరావుపేట తీసుకొస్తున్నాను. ముసురు పట్టి వుంది. మా పల్నాటి నల్లరేగడి సంగతి మీకు తెలుసు గదా. చేలల్లో తిరిగిన ట్రాక్టర్లు ఆ మట్టిని చక్రాలతో మోసుకొచ్చి తారు రోడ్డు మీద పోస్తాయి. దాని మీద నాలుగు చినుకులు పడ్డాయంటే సబ్బు రాసిన పీటే. ఎదురుగా గేదె అడ్డం వచ్చింది. బ్రేకు మీద నిలబడ్డంత పని చేశాను. చక్రాలు నాలుగూ బిగిసిపోయాయి. స్టీరింగు ఎడమకు తిప్పాను. చక్రాలు తిరిగాయి గాని కారు తిరగలేదు. తిన్నగా జారుకుంటూ పోయి గేదెను దాటి తుమ్మచెట్టును కొట్టింది. గేదె బతికింది. నాన్నగారి మోకాలు విరిగింది. పోయేదాకా ఆయన చేతికర్ర వదల్లేదు. ఒక్కనాడూ నన్ను ఒక మాట అనలేదు. అందుకే ఆ కర్ర చప్పుడు నాకింకా వినిపిస్తూ వుంటుంది.

"మరి ఆ కారుకు ఏ.బి.ఎస్. వుంటే ఆగేదా?" అన్నాడు మేనల్లుడు, కాస్త మెత్తబడి.

ఆగేదో లేదో చెప్పలేను. తిరిగేది మాత్రం. తేడా అంతా అక్కడే వుంది.

మన తిరునాళ్ళల్లో బండలాగుడు పోటీలు చూశారు గదా. ఒంగోలు గిత్తలు ఎంతటివైనా, బండను కదిలించడానికి వేసే మొదటి పట్టే పట్టు. నేలను కరుచుకున్న బండ ఒకసారి కదిలిందా, ఆ తరవాత లాగడం కొంత తేలిక. దొర్లే చక్రం కదలని బండలాంటిది. నేలకు తగిలిన చోట అది రోడ్డును కరుచుకునే వుంటుంది. బిగిసిపోయిన చక్రం కదిలిన బండ. రోడ్డు మీద దాని పట్టు తగ్గుతుంది. పైగా జారే బండకు కుడీ ఎడమా తెలియవు. ఎటు తోస్తే అటే పోతుంది. కారయితే తిన్నగా పోయి దేన్నో కొడుతుంది. మోటారు సైకిలుకు ముందు చక్రం బిగిసిందంటే మనిషి నేల మీద వున్నట్టే.

ఏ.బి.ఎస్. చేసేదల్లా చక్రాన్ని బండ కానివ్వకపోవడం. చక్రం ఎంత వేగంగా తిరుగుతోందో కనిపెట్టే పరికరం ఒకటి దాని పక్కనే వుంటుంది. చక్రం ఉన్నట్టుండి బిగిసిపోబోతోందని తెలియగానే బ్రేకు ఒత్తిడిని క్షణంలో సడలించి, మళ్ళీ బిగిస్తుంది. ఇలా ఒక్క సెకనులో చాలా సార్లు జరుగుతుంది. కారులో అయితే పెడలు కాలి కింద గడగడ వణుకుతుంది. అది చూసి భయపడి కాలు తీసేవాళ్ళున్నారు. తియ్యగూడదు. అది పని చేస్తున్న చప్పుడే.

ఇది మొదట విమానాలకు పుట్టిన విద్య. 1978లో మెర్సిడిస్ కారుకూ, 1988లో బి.ఎం.డబ్ల్యు. మోటారు సైకిలుకూ వచ్చింది. మన దేశంలో 125 సి.సి. దాటిన కొత్త బళ్ళన్నిటికీ 2019 ఏప్రిల్ నుంచి తప్పనిసరి చేశారు. అయితే వాటిలో చాలా బళ్ళకు ముందు చక్రానికే వుంటుంది. వెనక చక్రానికి వుండదు.

ఈ మాట వినగానే మేనల్లుడు తన బండి వైపు చూశాడు. "నువ్వు కంకర మీద ఏ బ్రేకు వేశావు?" అన్నాను. "కాలి బ్రేకే గట్టిగా తొక్కాను" అన్నాడు నసుగుతూ. జారిందేమో వెనక చక్రం, తిట్టిందేమో ముందు చక్రానికున్న ఏ.బి.ఎస్.ను!

అయినా వాడికి నమ్మకం కుదరలేదు. సాయంత్రం మా వీధి మెకానిక్ భాయిని వెంటబెట్టుకుని, ఊరి బయట ప్లాట్లు అమ్ముడుపోని వెంచరుకు పోయాం. అక్కడ తారు రోడ్డూ వుంది, కంకర రోడ్డూ వుంది, అడ్డం వచ్చేవాళ్ళు లేరు. గంటకు నలభై కిలోమీటర్ల వేగంలో వచ్చి, గీత దగ్గర బ్రేకు వెయ్యాలి. నేను అడుగులతో కొలవాలి. తారు మీద బిందెలతో నీళ్ళు పోసి చూసినా, మేనల్లుడు ముందు బ్రేకు పూర్తిగా నొక్కి తిన్నగా ఆగాడు. కంకర మీద మాత్రం బండి చాలా దూరం పాకింది. తరవాత భాయి ఫీజు పీకి, తను ఎక్కాడు. కంకర మీద మేనల్లుడి కంటే ఆరడుగుల ముందే ఆపాడు!

"చూశావా మావయ్యా!" అని వీడు గంతేశాడు.

చూశాను. ఉన్నమాట ఒప్పుకోవాలి. వదులు కంకర మీద బిగిసిన చక్రం రాళ్ళను తన ముందు కుప్పగా తోసుకుంటుంది. ఆ కుప్పే అడ్డుకట్ట అవుతుంది. ఏ.బి.ఎస్. చక్రాన్ని దొర్లిస్తూ వుంటుంది గనుక ఆ కుప్ప పడదు. అంచేత కంకర మీద అది దూరం పెంచే మాట నిజమే.

కాని భాయి ఫీజును మళ్ళీ దాని చోట పెడుతూ ఒక మాటన్నాడు: "బాబూ, ఎక్కడ నొక్కాలో నాకు ముందే తెలుసు. అందుకని చక్రం బిగిసీ బిగియకుండా పట్టాను. గేదె అడ్డమొస్తే నా చెయ్యి కూడా నా మాట వినదు."

నాకు తెలిసి రేసు బాటకూ రోడ్డుకూ వున్న తేడా ఇంతే. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్‌సాగరు పక్కన ఫార్ములా ఇ పందెం జరిగింది. రెండు కిలోమీటర్ల ఎనిమిది వందల మీటర్ల చిల్లర వున్న బాట. అది మామూలు రోజుల్లో జనం తిరిగే రోడ్డే. దాన్ని రేసు బాటగా మార్చడానికి ఏం చేశారు? రెండు పక్కలా గోడ కట్టారు, మనుషుల్నీ ఆటోల్నీ ఆపేశారు. అంటే, రోడ్డులో రోడ్డుతనమంతా తీసేస్తేనే గాని అది రేసు బాట కాలేదు. ప్రతి మలుపూ కంఠతా వచ్చినవాడికి తన చెయ్యే ఏ.బి.ఎస్. కావచ్చు. మనకు ఏ మలుపులో మిరపకాయల ట్రాక్టరు వుంటుందో, ఏ మలుపులో కందులు ఆరబోశారో బ్రహ్మకైనా తెలుసా? గంటకు అరవైలో పోతుంటే, ఒక్క సెకను బిత్తరపోయేసరికి పదహారు మీటర్లు అయిపోతాయి. ఆ తరవాత వేసే బ్రేకు నేర్పు వేసేది కాదు, భయం వేసేది. భయపడ్డ చేతికి నేర్పు అరువిచ్చేదే ఈ యంత్రం. అమెరికాలో బీమా సంస్థల పరిశోధనలో ఏ.బి.ఎస్. వున్న మోటారు సైకిళ్ళకు ప్రాణాలు పోయే ప్రమాదాలు 22 శాతం తక్కువని తేలింది.

అలాగని గుండెల మీద చెయ్యేసుకుని పొమ్మనడం లేదు. 1980లలో జర్మనీలోని మ్యూనిక్ నగరంలో టాక్సీలను కొన్నిటిని ఏ.బి.ఎస్.తోనూ కొన్నిటిని అది లేకుండానూ తిప్పి చూశారు. ప్రమాదాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఎందుకంటే, అది వుందన్న ధైర్యంతో డ్రైవర్లు మరింత దూకుడుగా నడిపారు. యంత్రం ఇచ్చిన జాగ్రత్తను మనిషి వేగం కింద ఖర్చు పెట్టేశాడన్న మాట. వేగం రెట్టింపయితే బ్రేకు వేశాక ఆగే దూరం నాలుగింతలు. ఆ లెక్కను ఏ ఫీజూ మార్చలేదు.

కంకరకు మందు కూడా అదే. కనిపించగానే, దాని మీదికి పోకముందే వేగం తగ్గించాలి. అందుకు ఫీజు పీకనక్కర్లేదు.

చీకటి పడుతుండగా ఇంటికొచ్చాం. వాడు పట్టకారును తీసిన చోటే పెట్టాడు. వెళ్ళబోతూ గుమ్మం పక్కన మూలనున్న మా నాన్నగారి చేతికర్రను ఒకసారి ముట్టుకుని చూశాడు. నేను చూడనట్టే ఊరుకున్నాను. బండి వీధి చివర మలుపు తిరిగేటప్పుడు మాత్రం చెవి వొగ్గి విన్నాను. వేగం తగ్గింది.