పరుగులో యోగం – మితమే బలం

పోలీసు నియామకాల ప్రకటన వెలువడగానే జడ్చర్ల మైదానాలకు బ్రాహ్మీముహూర్తంలోనే జీవకళ వస్తుంది. 2022 నాటి నియామకాలలో పురుషులు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో, స్త్రీలు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తిచేయవలసి ఉండింది. ఆ కొద్ది నిమిషాల కోసం మన పిల్లలు నెలల తరబడి చీకటితోనే లేచి పరుగెత్తుతారు. వారి దీక్ష శ్లాఘనీయం. కాని పరీక్ష ముగిసిన మరునాటికి మైదానం మళ్లీ శూన్యం. ఎంపికైనవారు గమ్యం చేరామని మానివేస్తారు. కానివారు నిస్పృహతో మానివేస్తారు. నడుమనే కాలి ముందరి ఎముక నొప్పితో కుంటుతూ తప్పుకొన్నవారి సంగతి ఎవరూ అడగరు. ఇంతటి శ్రమ ఎందుకు నిలువలేదు? నా అభిప్రాయంలో లోపం వారి సంకల్పంలో లేదు, దేహాన్ని మనమందరం చూచే దృష్టిలో ఉన్నది.

పాలమూరు కూలీల కష్టానికి దేశమంతటా పేరున్నది. జలాశయాలకు, కాలువలకు మట్టి మోసిన తరాలు ఈ నేలవి. వారికి దేహమే ఏకైక మూలధనం. విశ్రాంతి దొరకని భాగ్యం. ఆ నిర్బంధం కొంత సడలిన తరువాత కూడా, ఒంటిని ఎంత అరగదీస్తే అంత గొప్ప అనే భావన మనలో మిగిలిపోయింది. దానినే కొందరు తపస్సు అని కూడా పిలుస్తున్నారు. శాస్త్రం అలా చెప్పలేదు.

ధర్మసాధనకు శరీరమే మొదటి ఉపకరణమన్న కాళిదాసు వాక్యాన్ని మనం తరచు వింటాము. కాని అది ఏ సందర్భంలోనిదో ఆలోచించేవారు అరుదు. కుమారసంభవం పంచమ సర్గలో ఘోరతపస్సు చేస్తున్న పార్వతి వద్దకు శివుడు బ్రహ్మచారి వేషంలో వస్తాడు. నీ శక్తికి తగినంతగానే తపస్సు చేస్తున్నావు కదా అని కుశలప్రశ్న వేస్తూ ఆ మాట అంటాడు. అంటే అది దేహబలాన్ని పొగిడే మాట కాదు, అతిశ్రమ చేస్తున్న ఒక సాధకురాలిని గూర్చిన ఆదరం. మైదానంలో పరుగెత్తే ప్రతి బిడ్డనూ మనం అడగవలసిన ప్రశ్న కూడా అదే.

పతంజలి మహర్షి అభ్యాసం దృఢపడటానికి మూడు లక్షణాలు చెప్పాడు: దీర్ఘకాలం, నైరంతర్యం, ఆదరం. ఈ మూడూ క్రీడకు అక్షరాలా వర్తిస్తాయి. పరుగు మొదలుపెట్టిన కొద్ది వారాలలోనే ఊపిరి కుదురుకొంటుంది. ఎముక, కీళ్లను పట్టి ఉంచే కణజాలం బలపడటానికి మాత్రం నెలలు పడుతుంది. ఊపిరి అందుతున్నది కదా అని దూరాన్ని, వేగాన్ని ఒక్కసారిగా పెంచినవారికే ఎముక నొప్పి ఎక్కువగా వస్తుంది. అందుకే దీర్ఘకాలం. నైరంతర్యమంటే ప్రతిదినం ప్రాణం పోయేలా పరుగెత్తటం కాదు. పక్కవారితో మాట్లాడుతూ పరుగెత్తగల నెమ్మదైన దినాలే ఎక్కువగా ఉండాలి. శ్రమలో అలసిన కండరం విశ్రాంతిలోనే బలాన్ని కూడగట్టుకొంటుంది కనుక విరామదినం సాధనకు భంగం కాదు, సాధనలో అంగం. ఆదరమంటే నిద్రను, ఆహారాన్ని, నొప్పి చెప్పే మాటను గౌరవించటం.

గీతాచార్యుడు ఆరవ అధ్యాయంలో ఆహారవిహారాలకు, కర్మలకు, నిద్రామెలకువలకు మితాన్ని విధించాడు. అర్ధరాత్రి దాకా ఫోను చూచి నాలుగింటికి లేచినవారు బ్రాహ్మీముహూర్తాన్ని పాటించినట్లు కాదు, నిద్రను దొంగిలించినట్లు. 2016 రియో ఒలింపిక్సుకు ముందు పుల్లెల గోపీచంద్ తన శిష్యురాలు పి.వి. సింధును మూడు నెలలపాటు ఫోనుకు దూరంగా ఉంచారు. రజతం వచ్చిన తరువాత దానిని తిరిగి ఇస్తానని ప్రకటించారు. ప్రత్యాహారానికి మన కాలంలో ఇంతకంటె సులభమైన ఉదాహరణ ఏమి కావాలి?

ఆ గురువు జీవితమూ పాఠమే. 1994లో మోకాలికి తీవ్రమైన గాయమై, శస్త్రచికిత్సలు జరిగిన తరువాత, 2001 మార్చిలో ఆయన ఆల్ ఇంగ్లండ్ విజేత అయ్యారు. సింధు సైతం ప్రపంచ పోటీలలో 2013, 2014లలో కాంస్యం, 2017, 2018లలో రజతం దాటి, 2019లో గాని స్వర్ణం అందుకోలేదు. ఒక్క ఓటమి చాలునని ఆగిపోయి ఉంటే ఆ సంవత్సరం వచ్చేదే కాదు.

ఇక్కడ ఒక ఆక్షేపణ సహజం. ఉద్యోగమే ఇంటికి ఆధారమైన బిడ్డకు ఫలాసక్తి వదలమని చెప్పటం కడుపు నిండినవారి వేదాంతం కాదా? ఈ ప్రశ్న న్యాయమైనది. ఉద్యోగాన్ని కోరవద్దని నేను అనను. కోరిక సంకల్పంగా ఉండవచ్చును; కాని అదే తన విలువకు కొలమానం కారాదు. పరుగెత్తుతున్నంతసేపూ మనస్సు ఫలితాల పట్టికమీద ఉంటే శ్వాస తప్పుతుంది, అడుగు తడబడుతుంది. మనస్సును అడుగుమీద నిలిపినవారికే ఆ ఫలితం కూడా చేరువవుతుంది. పైగా ఎంపికైన తరువాత ఆ దేహమే దశాబ్దాలపాటు ఎండలో, రాత్రి కాపలాలో నిలబడాలి. ఒక్క ఉదయానికై దానిని విరుగగొట్టుకొనటం లౌకికంగా చూచినా నష్టమే.

జపం చేసే మనకూ ఇదే వర్తిస్తుంది. శివరాత్రినాడు వేల సంఖ్యలో జపించి, మరునాడు మాలను పక్కన పెట్టే సాధకుడికి, పరీక్ష ముగియగానే బూట్లు మూలన పడవేసే యువకుడికి భేదం లేదు. కనుక మన ఇళ్లలోని పిల్లలకు ఒక్క మాట చెబుదాము: ఫలితం ఏదైనా కానీ, అది వెలువడిన మరునాటి ఉదయం కూడా మైదానానికి వెళ్లి, తోచినంత దూరం, నెమ్మదిగా పరుగెత్తి రమ్మని. ఆ ఉదయం వెళ్లగలిగినవారికే పరుగు యోగమైనట్లు.

స్వస్తి.