పడవ సిద్ధం, చెరువేదీ?

హైదరాబాద్‌లోని నాచారం, ఉప్పల్ పారిశ్రామికవాడల్లో లేత్ మిషన్ షెడ్లకు కొదవ లేదు. సన్నని స్టీలు కడ్డీని షాఫ్టుగా తీర్చిదిద్దే టర్నర్, ఇత్తడి గొట్టాన్ని వంకర లేకుండా అతికే ఫిట్టర్ అక్కడే దొరుకుతారు. మోటారు, బ్యాటరీ, రిమోట్ ఆన్‌లైన్‌లో ఇంటికే వస్తాయి. మూడు జానల పొడవుండి, రోడ్డు మీది స్కూటర్ వేగాన్ని మించిపోయే రిమోట్ పడవ కట్టడానికి ఇవన్నీ చాలు. దాన్ని నడపడానికి నీళ్లే కరువు.

పిల్లల బొమ్మ కదా అని తీసిపారేయడం తేలిక. కానీ 1898లో న్యూయార్క్‌లో నికోలా టెస్లా జనం ముందు రేడియోతో నడిపి చూపించింది ఇలాంటి పడవనే. విశాఖలోని నౌకాదళ పరిశోధనశాల ఎన్‌ఎస్‌టీఎల్‌ ఇప్పటికీ యుద్ధనౌకల చిన్న నమూనాలను నీటి తొట్టెల్లో పరీక్షిస్తుంది.

పైగా ఇందులో లెక్క తప్పితే జేబుకు చిల్లే. మోటారు మీద ఉండే కేవీ అంటే, భారం లేనప్పుడు ఒక్కో వోల్టుకు నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందన్నది. 2000 కేవీ మోటారుకు నాలుగు సెల్‌ల లిపో (లిథియం పాలిమర్) బ్యాటరీ, అంటే 14.8 వోల్టులు ఇస్తే 29,600 చుట్లు. ప్రొపెల్లర్ వ్యాసం 40 మిల్లీమీటర్లు, పిచ్ నిష్పత్తి 1.4 అయితే చుట్టుకు 56 మిల్లీమీటర్ల ప్రయాణం. గుణిస్తే గంటకు 99 కిలోమీటర్లు! అది కాగితం మీదే. భారం పడగానే చుట్లు తగ్గుతాయి, నీళ్లలో ప్రొపెల్లర్ కొంత జారుతుంది. చాలలేదని 42 మిల్లీమీటర్లది బిగిస్తారు. పెరిగింది రెండు మిల్లీమీటర్లే, కానీ అన్నే చుట్లు తిప్పడానికి కావలసిన శక్తి పావు వంతుకు పైగా పెరుగుతుంది. ఎందుకంటే అది వ్యాసం ఐదో ఘాతాన్ని బట్టి ఉంటుంది. మోటారుకు కరెంటు అందించే స్పీడ్ కంట్రోలర్ కాలిన వాసన వచ్చేది ఇక్కడే.

ట్యూనింగ్ ఇంకా నిదానమైన పని. అడుగు వీ ఆకారంలో ఉన్న 70 సెంటీమీటర్ల పడవకు గరిమనాభి వెనక అంచు నుంచి 21 సెంటీమీటర్ల దగ్గర ఉండేలా మొదలుపెడతారు. బ్యాటరీని వేలి వెడల్పు వెనక్కి జరిపితే పడవ కప్పలా గెంతుతుంది. ముందుకు జరిపితే ముక్కు నీళ్లలో దిగబడి వేగం చచ్చిపోతుంది. షాఫ్టు కోణం ఒక్క డిగ్రీ మార్చినా మళ్లీ మొదటికే. ఇవన్నీ ఇంటి టబ్బులో తేలే విషయాలు కావు, పరుగుకు చాలినంత నీళ్లు కావాలి.

ఆ నీళ్లు శుభ్రంగానూ ఉండాలి. పడవ పరుగెడుతుంటే చుక్కాని దగ్గరి సన్నని రంధ్రం నుంచి నీరు గొట్టంలోకి ఎక్కి, స్పీడ్ కంట్రోలర్‌నూ మోటారునూ చల్లబరిచి, పక్క నుంచి సన్నని ధారగా బయటపడుతుంది. ఒడ్డున నిలబడ్డవాళ్లు కనిపెట్టాల్సింది ఆ ధారనే. పాలిథీన్ ముక్కో, నాచో అడ్డుపడి ధార ఆగిందంటే ఎలక్ట్రానిక్స్‌కు ఎసరే. గుర్రపుడెక్క వేరు ప్రొపెల్లర్‌కు చుట్టుకుంటే షాఫ్టు బిగుసుకుపోతుంది. నగరంలో మురుగు కలిసే చెరువుల్లో ఈ మూడింటికీ లోటు లేదు.

పడవ తయారీకి మాత్రం సాయం దూరంలో లేదు. మెట్రో ఎక్కితే ఉప్పల్ నుంచి రాయదుర్గం దాకా ఒకే రైలు. 2023 మార్చిలో ప్రారంభమైన నమూనాల తయారీ కేంద్రం టీ-వర్క్స్ అక్కడే ఉంది. నమూనా తయారుచేసే యంత్రాలకు ప్రభుత్వం అంత పెద్ద భవనం కట్టగలిగినప్పుడు, తయారైన పడవను పరీక్షించుకోవడానికి వంద మీటర్ల నీళ్లు చూపించడం భారమా?

అవకాశం దగ్గర్లోనే ఉంది. చెరువుల ఆక్రమణలను తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా తొలి విడతలో పునరుద్ధరణకు ఎంచుకున్న ఆరు చెరువుల్లో ఉప్పల్ నల్లచెరువు ఒకటి. అక్కడ కట్ట మీద నడకదారితో పాటు, నీళ్లలో తేలే బంతుల తాడుతో ఒక మూల వేరు చేసి ఆదివారం ఉదయం రెండు గంటలు ఈ పడవలకు వదిలిపెట్టాలి. పక్షులు వాలే వైపు, చేపలు పట్టే వైపు పడవలు పోకూడదు. పెట్రోలు ఇంజిన్లకు చోటివ్వకూడదు. గట్టు మీద లిపో బ్యాటరీని చార్జింగ్‌లో పెట్టి ఎటో వెళ్లిపోవడాన్ని గట్టిగా నిషేధించాలి, ఆ బ్యాటరీలు అంటుకుంటే ఆర్పడం కష్టం. ఈ నిబంధనలన్నీ ఒక బోర్డు మీద సరిపోతాయి. ఉప్పల్, నాచారం పరిసరాల ఐటీఐ, పాలిటెక్నిక్ విద్యార్థుల కోసం నగరపాలక సంస్థ, హైడ్రా అధికారులు ఆ బోర్డు పెట్టించాలి.