తుప్పు చెప్పే సాక్ష్యం

పెళ్లిలో చదివించిన స్టీలు గిన్నెను ఒకసారి తిప్పి చూడండి. ఇచ్చినవాళ్ల పేరు చెక్కి ఉంటుంది. దాన్ని గీకేసి వేరే పేరు చెక్కించారనుకోండి. వేలితో తడిమితే అక్కడ చిన్న పల్లం తగులుతుంది. మెరుపులోనూ తేడా ఉంటుంది. పేరు పోయినా, పోయిన జాడ మిగులుతుంది.

రెండో ప్రపంచయుద్ధం నాటి జపాన్ కత్తుల దగ్గరా ఇదే కథ. 1945లో జపాన్ లొంగిపోయాక అక్కడి సైనికుల కత్తులు జ్ఞాపికలుగా అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా ఇళ్లకు చేరాయి. కొన్ని, తాతలనాటి కత్తికే సైనిక పిడి తొడిగినవి. చాలావరకు, యుద్ధం కోసం హడావుడిగా తయారుచేసినవి. ఒరలో ఉంటే రెండూ ఒకేలా ఉంటాయి. ధరలో మాత్రం బోలెడు తేడా. మోసానికి చోటు దొరికేది ఇక్కడే!

గుట్టంతా పిడి లోపల ఉంటుంది. వెదురు చీల తీసి పిడిని ఊడదీస్తే లోపలి ఇనుము కనబడుతుంది. జపనీయులు దాన్ని నకాగో అంటారు. కమ్మరి తన పేరు, ఒక్కోసారి తేదీ, ఉలితో చెక్కేది దానిమీదే. 'షోవా 18' అని ఉంటే ఆ అంకెకు 1925 కలపండి. 1943 వస్తుంది. యుద్ధకాలంలో అక్కడే చిన్న ముద్ర కూడా కొట్టేవారు. 'షో' అనే అక్షరమో, కత్తులకు పేరుపడ్డ సెకి పట్టణం అక్షరమో ఉంటే అది సాధారణంగా సంప్రదాయ పద్ధతిలో చేసిన కత్తి కాదు. నక్షత్రం ఉంటే సైన్యం ఆమోదించిన కమ్మరి చేతి పని.

అందుకే కొందరు 'షో' ముద్రను ఆకురాయితో అరగదీస్తారు. ఆపైన పాతకాలపు పేరున్న కమ్మరి సంతకం చెక్కుతారు. దొంగ సంతకాలు యుద్ధంతో పుట్టినవేం కావు. వాటికి జపనీయుల భాషలో 'గిమెయి' అని ఎప్పటినుంచో ఒక పేరే ఉంది.

మరి పట్టుకోవడం ఎలా? ముందు తుప్పును చూడాలి. వందల ఏళ్ల తుప్పు నల్లగా, నున్నగా పేరుకుంటుంది. మందు పూసి తెప్పించిన తుప్పు ఎర్రగా, గరుకుగా ఉంటుంది. అక్షరాల గాడిలోనూ చుట్టూ ఉన్న రంగే ఉండాలి. గాడి మెరుస్తుంటే ఆ పేరు నిన్నమొన్న చెక్కిందే. ఆకురాయి గీతలు వరసగా వచ్చి ఒకచోట చెరిగిపోయినా, అక్కడ ఇనుము పలచబడినా ఏదో ముద్ర అరిగిపోయిందన్నమాట.

సార్జెంట్ల కోసం 1935లో వచ్చిన రకానికి కత్తిమీద, ఒరమీద ఒకే నంబరు కొట్టేవారు. రెండూ కలవకపోతే ఒర మారిందనుకోవాలి. అంకెలు వంకరటింకరగా ఉంటే ఇంకాస్త అనుమానించాలి.

అలాగని పేరులేని ప్రతి కత్తీ మోసం కాదు. పూర్వం పొడవాటి కత్తుల్ని అవసరాన్నిబట్టి పొట్టిచేసేవారు. అప్పుడు సంతకం ఉన్న ముక్క తెగిపోయేది. అందుకే తుదితీర్పు నిపుణులకు వదలాలి. జపాన్‌లో 1948లో ఏర్పడిన కత్తుల కళా పరిరక్షణ సంఘం వీటిని పరీక్షించి ధ్రువపత్రాలిస్తుంది.

అసలు బాధ ఏమిటంటే, మోసగాడి చెయ్యి పడకపోయినా సాక్ష్యం చెడుతోంది. తాతగారు తెచ్చిన కత్తిని మెరిపిద్దామని మనవడు పిడి ఊడదీసి గరుకు కాగితంతో రుద్దేస్తాడు. సాయంత్రానికి ఇనుము తళతళలాడుతుంది. అది నిజమైనదని చెప్పే తుప్పు మాత్రం చెత్తబుట్టలో ఉంటుంది. పోయిన తుప్పును ఏ నిపుణుడూ తిరిగి తేలేడు.

ఆ మాటకొస్తే 'షో' ముద్ర ఉన్నందుకు సిగ్గుపడాల్సిందేముంది? హడావుడిగా చేసిన ఆ కత్తి ఆనాటి యుద్ధానికి నికార్సయిన సాక్షి. ముద్ర అరగదీస్తే అది పాతకాలపు కత్తీ కాదు, యుద్ధకాలపు సాక్షీ కాదు.

గిన్నెలు తోముకోండి. కత్తి పిడిలోని తుప్పును మాత్రం తోమకండి!