ఛాయాచిత్రమూ సాక్ష్యమే

“కళాకారుని ముఖంలో వర్గాన్ని వెదకడం మొరటుతనం” అన్నాడు మా కళాశాలలో ఒక మిత్రుడు. ఆయన చేతిలో ఉన్నవి ఇరవయ్యో శతాబ్దారంభంలో న్యూయార్కులో తీసిన ఒపెరా గాయకుల ఛాయాచిత్రాలు. వాటిలో ఉన్నది శాశ్వత సౌందర్యమే తప్ప మరేమీ కాదని ఆయన వాదం. ఆ వాదంలో పస ఎంతో పరిశీలిద్దాం.

ఎన్రికో కరూసో చిత్రాన్నే తీసుకోండి. విదూషకుని వదులు చొక్కా, పక్కన పెద్ద డోలు. 1892లో మొదట ప్రదర్శించిన ‘పల్యాచ్చి’ ఒపెరాలో కానియో వేషమది. గుండె పగులుతున్నా ముఖానికి రంగు పూసుకొని జనాన్ని నవ్వించవలసిన దేశదిమ్మరి నటుడు కానియో. వేషం వేసినవాడు నేపుల్సులో ఒక మెకానిక్కు కొడుకు. పసితనంలో తానూ ఆ పనిలోనే చేరినవాడు. ఆయన 1903 నుండి పాడిన మెట్రోపాలిటన్ ఒపెరా భవనమో? పాత సంగీతశాలలో బాక్సులు దొరకని కొత్త కోటీశ్వరులు 1883లో కట్టించుకున్నది! ఈ సంగతి తెలిసినంత మాత్రాన కరూసో కళ తగ్గిపోతుందా? తగ్గదు సరిగదా, ఆ ముఖం మనకు మరింత దగ్గరవుతుంది.

ఆనాటి గాయకుల చిత్రాలు అనేకం ఎమె డ్యూపాంట్ స్టూడియోలో తీసినవి. డ్యూపాంట్ 1900లోనే మరణించాడు. తరువాత స్టూడియో నడిపింది ఆయన భార్య ఎటా గ్రీర్. శ్రమ ఆమెది, ఫొటో మీద పేరు చనిపోయిన భర్తది. శాశ్వత సౌందర్యం ఈ అన్యాయాన్ని గూర్చి ఏమంటుంది?

ఇక లేని చిత్రాల మాట. నల్లజాతి గాయని సిసియరెట్టా జోన్స్ 1892లో అమెరికా అధ్యక్షుని భవనంలో పాడింది. పతకాలు ధరించి నిలుచున్న ఆమె ఫొటోలున్నవి. మెట్రోపాలిటన్ వేదిక మీది వేషంతో ఒక్కటీ లేదు. ఆ వేదిక మీద ఒక ముఖ్యపాత్ర మొదటిసారి నల్లజాతి గాయనికి, మేరియన్ ఆండర్సన్‌కు, దక్కింది 1955లో. అప్పటికి జోన్స్ చనిపోయి ఇరవై రెండేళ్లు. గొంతు లేక కాదు, తలుపు తీయక.

“ఇదంతా ధనికుల వినోదం, చించి పారేద్దాం” అనే మనవారి తొందరపాటునూ నేను అంగీకరించను. చించితే పోయేది ధనికుల వినోదం కాదు, వారికి వ్యతిరేకంగా మనకున్న సాక్ష్యం. విద్యార్థులకు నా మనవి ఒక్కటే. ఇలాంటి చిత్రం చేతికి వచ్చినప్పుడు అందాన్ని కాదనకండి. కాని ఎవరు తీశారు, ఎవరి కోసం తీశారు, ఎవరిని బయట నిలబెట్టారు అని కూడా అడగండి. ఆ ప్రశ్నలను మొరటుతనమంటే, ఆ నిందకు నేను సిద్ధమే.