ఫైరింజనుకు రేవు ఏది?

దాళ్వా కోతలు అయ్యాయంటే గోదావరి డెల్టాలో కాలువలు కట్టేస్తారు. సరిగ్గా అప్పుడే ఎండలు ముదురుతాయి, పెరళ్లలో గడ్డివాములు లేస్తాయి, పడమటి గాలి మొదలవుతుంది. తాటాకు ఇంటి మీద ఒక్క నిప్పురవ్వ పడితే పేటకు పేటే బుగ్గి. నిప్పు భయం ఎక్కువగా ఉండే రోజుల్లోనే కాలువలో చుక్క నీరుండదు.

ఫైరింజను ఆలస్యంగా వచ్చిందని ప్రతి ప్రమాదం తరువాతా అంటూనే ఉంటాం. వచ్చాక దానికి నీళ్లెక్కడివని అడిగేవారు తక్కువ. మామూలు ఇంజనులో పట్టేది 4,500 లీటర్లు. కొట్టడం మొదలుపెడితే అది నిమిషాల లెక్కే. పట్టణాల్లో హైడ్రంటు ఉన్నచోట గొట్టం తగిలించి మళ్లీ నింపుకుంటారు. దానికి కట్టుబాట్లూ ఉంటాయి. అగ్నిమాపక సిబ్బంది తప్ప ఇతరులు తిప్పరాదు, ఇళ్ల కట్టుబడికి నీళ్లు పట్టుకోరాదు, ఎదుట బండి నిలపరాదు. పల్లెలో ఆ హైడ్రంటు పని చేయవలసింది ఊరి చెరువు. దానికి మాత్రం చాలా ఊళ్లలో ఏ కట్టుబాటూ లేదు.

గట్టు మీద నిలిపిన పంపు ఏదైనా ఏడెనిమిది మీటర్ల లోతు దాటితే నీటిని పీల్చలేదు. లోతు బావులు, బోర్లు అందుకే పనికిరావు. చెరువే దిక్కు. అక్కడికి ఇంజను చేరే దారి ఉండాలి, గట్టు కుంగకుండా ఉండాలి. లోపలి నీళ్ల బరువే నాలుగున్నర టన్నులు. మన గట్లు చూడండి. ఒక రేవులో పెంటకుప్ప, ఒక రేవులో గడ్డివాము. చేపల పాటదారు ముళ్లకంచె వేసి తాళం పెడతాడు. గుర్రపుడెక్క పట్టిన చెరువులో గొట్టం వేస్తే మొదట్లోని జల్లెడ పూడిపోతుంది.

మంచినీటి చెరువైతే మరో తగవు. కాలువ కట్టేముందు నింపుకున్న నీరు తోడేస్తే తాగేదేమిటని అడ్డుపడేవారుంటారు. ఆ భయం అర్థం చేసుకోదగిందే, కాని లెక్క చూడాలి. ఎకరం చెరువులో పది ఇంజన్ల నీరు తోడినా మట్టం తగ్గేది సెంటీమీటరుకు కాస్త పైన. వేసవి ఎండకు రెండు మూడు రోజుల్లో అంత నీరూ ఆవిరవుతుంది. పైగా నిప్పు ఆర్పడానికి ఊరిదైనా సొంతదైనా ఏ చెరువు నుంచైనా నీరు తీసుకునే అధికారం 1999 నాటి అగ్నిమాపక చట్టం సిబ్బందికిచ్చింది. సర్పంచికైనా పాటదారుకైనా అడ్డుకునే హక్కు లేదు.

కాలువలు కట్టేలోపే పంచాయతీలు ఒక రేవును తేల్చాలి. కంకర తోలించి, రాయి పాతి, 'ఫైరింజను రేవు' అని రాయించాలి. అక్కడ వాము గాని, బండి గాని పెట్టరాదని తీర్మానించాలి. కంచె వేయరాదన్న మాట చేపల పాట షరతుల్లోనే ఉండాలి. పాట ముగిశాక చెబితే ఎవరు వింటారు? ఓవర్‌హెడ్ ట్యాంకు ఉన్న ఊళ్లలో అడుగున 63 మిల్లీమీటర్ల కప్లింగుతో ఒక వాల్వు పెట్టిస్తే కరెంటు లేకపోయినా నీరు దిగుతుంది. దాని తాళం ఎవరి దగ్గరుందో ఊరందరికీ తెలియాలి. పెళ్లిళ్లకూ పేరంటాలకూ ఆ వాల్వు తిప్పడం మొదలైతే (మనవాళ్లు మొదలుపెట్టకపోరు) అవసరానికి అది కారుతూ ఉంటుంది.

101కి ఫోను చేసేవారు ఊరి పేరుతోపాటు రేవు ఏ గట్టున ఉందో కూడా చెప్పాలి. ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 వరకు అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. ఆ వారంలో దగ్గరి స్టేషను వారిని పిలిచి, ఇంజనును రేవులోకి దింపించి, గొట్టం నీటికి అందుతుందో లేదో ఊరివాళ్లు కళ్లారా చూసుకోవాలి.