బొంగురు గొంతును స్కానుకు వదిలేయవద్దు

తోపుడు బండి మీద పండ్లు అమ్మేవానికి గొంతే పెట్టుబడి. అజాన్ ఇచ్చే ముఅజ్జిన్‌కు గొంతే బాధ్యత. ఆ గొంతు మూడు వారాలు దాటినా బొంగురుగానే ఉంటే మన బస్తీల్లో జరిగేదేమిటి? మొదట జోషాందా, తర్వాత మందుల దుకాణంలో అడిగి తెచ్చుకున్న మాత్రలు, చివరికి అప్పు చేసి సి.టి. స్కాన్. స్కానులో ఏమీ లేదనగానే ఊరట. ఈ ఊరటే ప్రాణం తీయగలదని మేము హెచ్చరిస్తున్నాము.

స్వరతంత్రుల క్యాన్సర్ పైపొరలో మొదలవుతుంది. సి.టి., ఎం.ఆర్.ఐ. స్కాన్లు లోతుకు, మృదులాస్థికి పాకిన కణితిని కొలవడానికి అవసరమే. పైపొరలోని చిన్న మచ్చ వాటికి చిక్కకపోవచ్చు. ముందుగా కావలసింది గొంతులోకి చూసే ఎండోస్కోప్. మామూలు తెల్లని వెలుగులో మచ్చ కనబడుతుంది గాని, దాని స్వభావం తేల్చడం కష్టం. స్ట్రోబోస్కోపీ స్వరతంత్రి కంపనంలోని అలను చూపుతుంది; అల ఆగినచోట అనుమానించాలి. అయితే పాత గాయపు మచ్చ కూడా అలను ఆపగలదు. నారో బ్యాండ్ ఇమేజింగ్ 415, 540 నానోమీటర్ల నీలి, ఆకుపచ్చ కాంతులతో సూక్ష్మ రక్తనాళాలను స్పష్టపరుస్తుంది. అవి చుక్కలుగా, మెలికలుగా కనబడితే ముప్పు సూచన. మందమైన తెల్లపొర కింద ఏముందో ఈ కాంతీ చూపలేదు. తుది తీర్పు బయాప్సీదే.

ఈ వరుస వైద్యులకు తెలుసు. పేదవానికే అందడం లేదు. పొగాకు పరిశ్రమలో ముస్లిం శ్రామికులు అధికంగా ఉన్నారని 2006లో సచార్ కమిటీ చెప్పింది. స్వరపేటిక క్యాన్సర్‌కు ప్రధాన కారణం పొగ. పొగాకు మీద పన్ను వసూలు చేసే ప్రభుత్వానికి, ఆ పొగకు బలైన గొంతును పరీక్షించే బాధ్యత లేదా?

ఒక్క మతం కోసమే అడుగుతున్నారా అనేవారికి మా జవాబు ఒకటే. నిజామాబాద్‌లో బీడీలు చుట్టే వెనుకబడిన కులాల, దళిత కుటుంబాలకూ ఇదే గొంతు, ఇదే పొగ.

ప్రతి జిల్లా ఆసుపత్రిలో నారో బ్యాండ్ సౌకర్యమున్న ఎండోస్కోప్, స్ట్రోబోస్కోపీ, వాటిని వాడగల వైద్యుడు, ఉచిత బయాప్సీ ఉండాలని మేము డిమాండ్ చేస్తున్నాము. మసీదు కమిటీలు కూడా బీడీ మానమని, మూడు వారాల బొంగురును దాచవద్దని చెప్పాలి. తొలిదశలో పట్టుకుంటే రేడియేషన్‌తోనో లేజర్‌తోనో పదిమందిలో సుమారు తొమ్మిదిమందికి నయమవుతుంది, మాట నిలుస్తుంది. ఆలస్యమైతే స్వరపేటికనే తీసివేయవలసి రావచ్చు. అప్పుడు హక్కు అడగడానికి గొంతే మిగలదు.