బియ్యం సరే, అప్పు సంగతేంది?

2024 సెప్టెంబరు 1 వరదకు కేసముద్రం–ఇంటికన్నె మధ్య రైలు పట్టాల కింది కంకర కొట్టుకుపోయింది. రేయింబవళ్లు పనిచేసి కొద్ది రోజుల్లోనే రైళ్లు నడిపించారు. ఇసుక మేటలు వేసిన చేలను మాత్రం రైతే ఎత్తిపోసుకోవాల్సి వచ్చింది.

2025 ఏప్రిల్ నుంచి రేషన్‌లో మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు. మంచిదే. కానీ బియ్యంతో కడుపు నిండుతుంది, వడ్డీ తీరదు. కౌలు రైతుకు పట్టా లేదు. అందుకే బ్యాంకు అప్పు పుట్టదు, 5 లక్షల రైతు బీమా వర్తించదు. ఎరువులు ఉద్దెర తెచ్చినవాడు మిర్చి, పసుపు ఆ వ్యాపారికే, అతను చెప్పిన ధరకే పోయాలి. చివరికి ఇంట్లో మిగిలేది రేషన్ బియ్యమే.

అందుకే సాయం అప్పు పుట్టే చోట మొదలవ్వాలి. 2011 చట్టం ప్రకారం కౌలుదారులకు రుణ అర్హత కార్డులివ్వాలి. ధర పడిపోయినప్పుడు సరుకు గోదాములో పెట్టి మార్కెట్ కమిటీ నుంచి రుణం పొందే వీలు చిన్న రైతుకూ అందాలి. ఉపాధి కూలి 15 రోజుల్లో పడాలి.

గ్రామ కమిటీలు ఈ నెలలోనే కౌలుదారుల పేర్లు రాయాలి, దరఖాస్తులు పెట్టించి రశీదులు తీసుకోవాలి. ఒక ఇల్లు అప్పులో మునిగిందని తెలిసిన రోజే ఆ గడప తొక్కుదాం. చావు తర్వాత పరామర్శకు పోయే సంఘం కావద్దు మనది.